రక్తపోటు: పుట్టుకతో వచ్చేదెంత, బతుకుతో వచ్చేదెంత

2005, 2007 మధ్య మన దేశంలో ఒక వలస అధ్యయనం జరిగింది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నవారిలో పల్లె నుంచి వచ్చినవాళ్లను, వాళ్ల జీవిత భాగస్వాములను పరిశోధకులు ఎంచుకున్నారు. ఊళ్లోనే ఉండిపోయిన అన్ననో తమ్ముణ్నో, అక్కనో చెల్లెల్నో తీసుకురమ్మన్నారు. ఇద్దరికీ తల్లిదండ్రులు ఒకరే. చిన్నప్పుడు తిన్న తిండీ, తాగిన నీళ్లూ ఒకటే. తేడా అల్లా ఒకరు పట్నం పోయారు, ఇంకొకరు పోలేదు. పట్నం వచ్చిన మగవాళ్లలో ఊబకాయం ఊళ్లో ఉన్నవాళ్ల కంటే సుమారు రెట్టింపు కనిపించింది. మధుమేహం కూడా అంతే. మగవాళ్ల ఒంట్లో కొవ్వు పట్నానికి వచ్చిన తొలి దశాబ్దంలోనే గబగబా పెరిగింది. రక్తపోటు అలా కాక, నగరంలో గడిపిన ఏళ్లను బట్టి నెమ్మదిగా పెరుగుతూ పోయింది.

తోబుట్టువులను పక్కపక్కన నిలబెట్టి చూసే ఈ పద్ధతి ఎందుకు ముఖ్యమంటే, బీపీ విషయంలో మన ఇళ్లలో వినిపించే మాటల్లో అతి బలమైనది "మా వంశంలోనే ఉంది" అన్నది. మాత్రలు మానేసినవాళ్లూ అదే అంటారు, వేసుకునేవాళ్లూ అదే అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు. తల్లికో తండ్రికో బీపీ ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువే. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. పదిహేనేళ్లు దాటిన వారిలో బీపీ ఎక్కువగా ఉన్నవారో మాత్రలు వాడుతున్నవారో దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 21 శాతం, మగవాళ్లలో 24 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఈ సగటుకు పైనే ఉన్నాయి. ఇన్ని కోట్ల కుటుంబాల్లో ఒకేసారి వంశం చెడిపోయిందని ఎవరూ అనుకోలేరు. తాతల కాలానికీ మనకూ మధ్య జన్యువులు మారేంత వ్యవధి లేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఒకే ఊళ్లో ఒకే తిండి తినే ఇద్దరిలో ఒకరికి బీపీ వచ్చి పక్కింటివారికి ఎందుకు రాలేదన్నది మొదటిది. ఒక ఊళ్లో పదిమందికి ఉంటే ఇంకో ఊళ్లో ముప్ఫైమందికి ఎందుకు ఉందన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబులో జన్యువులకు పెద్ద వాటా ఉంది. రెండోదానికి జవాబు దాదాపు పూర్తిగా పరిసరాల్లో ఉంది. డెబ్భై ఏళ్ల పరిశోధనను చదివితే నాకు అర్థమయిన ముఖ్య విషయం ఇదే. మొదటి ప్రశ్నకు చెప్పాల్సిన జవాబును రెండోదానికి చెప్పడం వల్ల మనం చాలా నష్టపోతున్నాం.

అసలు వాదం ఇంగ్లండులో మొదలయింది. మాంచెస్టర్ వైద్యుడు రాబర్ట్ ప్లాట్ 1947లో ఒక వ్యాసం రాశాడు. రక్తపోటు అనేది ఒకే ఒక జన్యువు వల్ల వచ్చే జబ్బనీ, అది ఉన్నవాళ్లు వేరు, లేనివాళ్లు వేరు అనీ అతని వాదన. మరో వైద్యుడు జార్జ్ పికరింగ్ దీన్ని ఒప్పుకోలేదు. అతని బృందం 1954లో వేలమంది కొలతలు ముందుపెట్టి, రక్తపోటు మనిషి ఎత్తులాంటిదని చెప్పింది. పొడుగువాళ్లనీ పొట్టివాళ్లనీ జనాన్ని రెండు ముక్కలుగా కోయలేం, కొలతలు ఒక చివరి నుంచి ఇంకో చివరికి జారుగా పోతాయి. రక్తపోటూ అంతే. దాని వెనక ఒక జన్యువు లేదు, చాలా ఉన్నాయి, వాటికి తోడు పరిసరాలున్నాయి. ఫలానా అంకె దాటితే జబ్బు అని మనం గీసే గీత వైద్యం సౌకర్యం కోసం గీసుకున్నదే తప్ప ప్రకృతిలో ఉన్నది కాదని పికరింగ్ పట్టుబట్టాడు. ఈ వాదం వైద్య పత్రికల్లో ఏళ్ల తరబడి సాగింది. చివరికి పికరింగ్ మాటే నిలిచింది. ఈనాటికీ 140, 130 అంకెల మీద వైద్య సంఘాలు ఏకాభిప్రాయానికి రాలేకపోవడానికి కారణం అదే. లేని గీతను ఎక్కడ గీయాలన్నది వాళ్ల గొడవ.

అయితే ఎంత శాతం జన్యువులది? కవలల మీద, కుటుంబాల మీద జరిగిన అధ్యయనాలు సాధారణంగా 30 నుంచి 50 శాతం మధ్య అంకె ఇస్తాయి. కుటుంబం అంటే జన్యువులొక్కటే కాదు, ఒకే వంటిల్లు కూడా కదా అన్న అనుమానం సహజంగా వస్తుంది. కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన దత్తత అధ్యయనం దీన్ని పరీక్షించింది. కన్నబిడ్డల రక్తపోటు తల్లిదండ్రుల రక్తపోటుతో బాగానే పోలింది. అదే ఇంట్లో అదే అన్నం తిని పెరిగిన దత్తబిడ్డలకు పెంచినవాళ్లతో ఆ పోలిక చాలా తక్కువ. కాబట్టి పుట్టుక ప్రభావం నిజం.

ఆ శాతాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. 40 శాతం జన్యువులది అంటే ఒక మనిషి రక్తపోటులో 40 శాతం తాతల నుంచి వచ్చిందని అర్థం కాదు. ఒక సమాజంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో అంత భాగం జన్యు తేడాలతో ముడిపడి ఉందని మాత్రమే. అందరూ ఒకే రకంగా ఉప్పు తిని ఒకే రకంగా కుర్చీలో కూర్చుంటే మిగిలే తేడాలన్నీ జన్యువుల ఖాతాలో పడి ఆ శాతం పెరుగుతుంది. అంటే పరిసరాలు అందరికీ సమానంగా చెడిపోయిన చోట జబ్బు మరింత వంశపారంపర్యంగా కనిపిస్తుంది.

ప్లాట్ ఓడిపోయాడన్నాను గానీ అతని ఊహ పూర్తిగా వట్టిది కాదు. ఒక్క జన్యువు తప్పుతో రక్తపోటు వచ్చే కుటుంబాలు అరుదుగా ఉన్నాయి. అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ లిఫ్టన్ బృందం 1992 నుంచి వీటిని ఒక్కొక్కటిగా పట్టుకుంది. మొదట దొరికినదాంట్లో పక్కపక్కనే ఉన్న రెండు జన్యువులు అతుక్కుపోయి, ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ అదుపు లేకుండా తయారవుతుంది. మూత్రపిండాల పైనున్న ఎడ్రినల్ గ్రంథులు చేసే ఈ హార్మోన్ ఉప్పును ఒంట్లో పట్టి ఉంచుతుంది. ఆ కుటుంబాల్లో చిన్న వయసులోనే మెదడులో రక్తస్రావమై చనిపోయినవాళ్లుంటారు. 1994లో లిడిల్ సిండ్రోమ్ వెనకున్న జన్యువు తెలిసింది. 1963లో గ్రాంట్ లిడిల్ అనే వైద్యుడు వర్ణించిన జబ్బు అది. మూత్రపిండంలో సోడియాన్ని తిరిగి రక్తంలోకి లాక్కునే ద్వారం మూసుకోకుండా ఉండిపోవడం దాని కారణం. లిడిల్ మొదట చూసిన రోగికి తర్వాతి కాలంలో మూత్రపిండాలు పాడై, మార్పిడి చేయాల్సి వచ్చింది. కొత్త మూత్రపిండంతో ఆమెకు ఆ జబ్బు లక్షణాలే పోయాయి.

2001లో ఇలాంటి మరో అరుదైన వంశపారంపర్య జబ్బు, గోర్డన్ సిండ్రోమ్ వెనకున్న జన్యువులు బయటపడ్డాయి. ఇలా పదీ పదిహేను దాకా దొరికాక శాస్త్రవేత్తలకు ఒక వరస కనిపించింది. దాదాపు అన్నీ మూత్రపిండం ఉప్పును ఎలా సంభాళిస్తుందన్న ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి. ఉప్పును ఎక్కువ పట్టి ఉంచే తప్పులు రక్తపోటు పెంచుతాయి. ఉప్పును వదిలేసే తప్పులు తగ్గిస్తాయి. 2008లో అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణవాసుల మీద చేసిన పరీక్షలో, ఉప్పును వదిలేసే జన్యు తప్పు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే అందుకున్నవాళ్లకు జబ్బేమీ లేకపోగా, రక్తపోటు మిగతావారికంటే తక్కువగా ఉందని తేలింది.

ఇదంతా అంతకుముందు జంతువుల్లో చూసినదానికి సరిపోయింది. 1960ల్లో లూయిస్ డాల్ అనే పరిశోధకుడు అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో ఉప్పు తింటే రక్తపోటు ఎగిరిపడే ఎలుకల వంశాన్నీ, ఎంత తిన్నా చలించని ఎలుకల వంశాన్నీ వేరువేరుగా పెంచాడు. తర్వాత ఒక వంశం మూత్రపిండాన్ని ఇంకో వంశానికి అమర్చి చూస్తే, రక్తపోటు మూత్రపిండాన్ని వెంబడించింది. మనుషుల్లోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. 1983లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, రక్తపోటు వల్లే మూత్రపిండాలు పోగొట్టుకున్న ఆరుగురు నల్లజాతి అమెరికన్లకు బీపీ లేనివాళ్ల మూత్రపిండాలు అమరిస్తే ఏళ్ల తరబడి వాళ్ల రక్తపోటు మామూలుగా ఉండిపోయింది. రక్తపోటు దీర్ఘకాలం పెరిగి ఉండాలంటే మూత్రపిండం అందుకు సహకరించాలని శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్థర్ గైటన్ చెప్పినదాని సారం ఇదే. గుండె, నరాలు, రక్తనాళాలు అన్నీ పోటును కదిలిస్తాయి. కదిలినదాన్ని అక్కడే నిలిపి ఉంచడంలో మూత్రపిండానిదే పెద్ద పాత్ర.

ఈ దారిలోనే జన్యువూ పరిసరమూ ఒకే తలుపు తట్టే ఒక విచిత్రమైన చోటుంది. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఆల్డోస్టిరాన్ పనిని తానూ చేయగలదు. చేయకుండా మూత్రపిండంలో ఒక ఎంజైము దాన్ని అక్కడికక్కడే నిర్వీర్యం చేస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఆ ఎంజైము జన్యువు చెడిపోయి వస్తే బిడ్డకు పసితనంలోనే తీవ్రమైన రక్తపోటు, పొటాషియం లోపం వస్తాయి. ఇది చాలా అరుదు. మేనరికాలు, దగ్గరి పెళ్లిళ్లు ఉన్న కుటుంబాల్లో ఇలాంటివి బయటపడే అవకాశం ఎక్కువ. ఇప్పుడు అదే ఎంజైమును జన్యువుతో పనిలేకుండా ఆపగల పదార్థం మన ఇళ్లలో గొంతునొప్పికి చప్పరించే అతిమధురం వేరులో ఉంది. రోజూ ఎక్కువ మోతాదులో చాలాకాలం తింటే అదే జబ్బు లక్షణాలు వస్తాయి, మానేస్తే పోతాయి. జలుబుకు రెండు రోజులు వాడితే భయపడాల్సింది లేదు. బీపీ ఉండి నెలల తరబడి కషాయాల్లో, పొడుల్లో అతిమధురం తీసుకునేవాళ్లు మాత్రం ఆ విషయం డాక్టరుకు చెప్పి తీరాలి. మూలికల గురించి డాక్టర్లు అడగరు, మనం చెప్పం.

అరుదైన కుటుంబాల సంగతి అలా ఉంచి, మామూలు జనానికి వద్దాం. 2007లో బ్రిటన్‌లో జరిగిన మొదటి పెద్ద జన్యు అన్వేషణలో ఏడు జబ్బులను వెతికితే, రక్తపోటుకు మాత్రం ఒక్క గట్టి ఆధారమూ దొరకలేదు. వెతకడానికి ఇంకా పెద్ద జనసంఖ్య కావాల్సి వచ్చింది. 2011 నాటికి రెండు లక్షలమందిలో వెతికితే 29 చోట్లు తేలాయి. 2018లో పది లక్షలు దాటిన జనంలో ఆ సంఖ్య 901కి చేరింది. 2024లో 2,103 జన్యు సంకేతాలు లెక్కకొచ్చాయి. పికరింగ్ ఊహించినదానికంటే కూడా ఇది చాలా ఎక్కువ. ఒక్కో తేడా పోటును కదిలించేది సాధారణంగా ఒక మిల్లీమీటరు కంటే తక్కువే. 2018 నాటి చోట్లన్నీ కలిపినా మనుషుల మధ్య తేడాల్లో దాదాపు 6 శాతాన్ని మాత్రమే వివరించాయి.

అన్నిటినీ కూడితే మాత్రం చిన్నదేం కాదు. 2024 పరిశోధనలో బీపీ పెంచే జన్యు తేడాల మొత్తం అత్యధికంగా ఉన్న పదిశాతం మందికీ, అత్యల్పంగా ఉన్న పదిశాతం మందికీ మధ్య బీపీ పై అంకెలో సగటున 17 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. అయితే ఆ జనమంతా యూరప్ మూలాలవాళ్లు. అక్కడి లెక్కలతో తయారైన జన్యు మార్కులు ఇతర జనాల్లో అంత బాగా పనిచేయవని ఇప్పటికే తెలుసు. శతాబ్దాలుగా కులం లోపలే పెళ్లిళ్లు చేసుకున్న మన సమాజంలో ఒక్కో సమూహానిది ఒక్కో జన్యు చరిత్ర అని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ 2009లో విదేశీ సహచరులతో కలిసి చూపించారు. కాబట్టి లాలాజలం పంపితే మీ బీపీ జాతకం చెబుతామనే పరీక్షలకు డబ్బు పోయడం ఇప్పటికి దండగ. తల్లిదండ్రుల చరిత్ర, ఏడాదికోసారి చేతికి కట్టించుకునే బీపీ పట్టీ అంతకంటే నమ్మకమైనవి, దాదాపు ఉచితం.

ఇక రెండో ప్రశ్న, ఊరికీ ఊరికీ తేడా ఎందుకన్నది. వెనిజులా అడవుల్లో యనోమామీ తెగ ఉంది. వాళ్లు వంటలో ఉప్పు వేసుకోరు. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో 52 చోట్ల పదివేలమందిని కొలిచినప్పుడు, బ్రెజిల్ వైపున్న యనోమామీల సగటు బీపీ సుమారు 96/61గా తేలింది. వయసుతో పాటు బీపీ పెరగడం సహజమని మనం అనుకుంటాం. వాళ్లలో అది పెరగదు. 2018లో ఇంకో బృందం వెనిజులాలోని యనోమామీలనూ, పక్కనే ఉంటూ బయటి ప్రపంచంతో కొంత రాకపోకలున్న యెక్వానా తెగనూ పోల్చింది. యనోమామీల్లో పసిపిల్ల నుంచి అరవైయేళ్ల ముసలి దాకా గీత సమంగా ఉంది. యెక్వానాల్లో చిన్నతనం నుంచే వయసుతో పాటు పైకి లేస్తోంది. అడవి అదే. అందులోకి బయటి నుంచి వచ్చిన తిండి, ఉప్పు మాత్రం కొత్తవి.

ఒక తెగ పుట్టుకతోనే వేరేమో అనేవారికి కెన్యా జవాబు చెబుతుంది. పడమటి కెన్యా పల్లెల నుంచి నైరోబీకి వచ్చిన లువో తెగవాళ్లను పరిశోధకులు వెంబడించి, ఊళ్లో ఉండిపోయినవాళ్లతో పోల్చారు. నగరం చేరిన కొద్ది నెలల్లోనే బీపీ పెరిగింది. మూత్రంలో సోడియం పెరిగి పొటాషియం తగ్గింది, బరువూ పెరిగింది. అమెరికా పరిశోధకుడు రిచర్డ్ కూపర్ బృందం 1997లో ఒకే పశ్చిమాఫ్రికా మూలాలున్న జనాన్ని మూడు చోట్ల కొలిచింది. రక్తపోటు పశ్చిమాఫ్రికాలో 16 శాతం మందికి, కరీబియన్ దీవుల్లో 26 శాతం మందికి, అమెరికాలో 33 శాతం మందికి ఉంది. నల్లజాతివాళ్ల రక్తంలోనే బీపీ ఉందని అమెరికాలో ఎన్నో ఏళ్లు చెప్పుకొచ్చారు. బానిస ఓడల్లో ఉప్పును పట్టి ఉంచగలిగినవాళ్లే బతికారని, అందుకే వారి సంతానానికి ఈ జబ్బని ఒక కథ కూడా అల్లారు. ఆ కథకు చారిత్రక ఆధారాలు నిలవవని చరిత్రకారుడు ఫిలిప్ కర్టిన్ 1992లో తేల్చాడు. పేదరికం, వివక్ష, దొరికే తిండి వదిలేసి రక్తాన్ని నిందించడం ఎంత తేలికో ఇది చూపిస్తుంది. దక్షిణాసియావాళ్ల గుండెజబ్బుల గురించి ఈ తరహా మాటలు విన్నప్పుడల్లా నాకు ఈ కథే గుర్తొస్తుంది.

బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెఫ్రీ రోజ్ 1985లో రాసిన వ్యాసం ఈ విషయాన్ని స్పష్టంగా పెట్టింది. లండన్ ప్రభుత్వోద్యోగులనూ, కెన్యా సంచార పశుపాలకులనూ పోల్చి చూస్తే, రెండు చోట్లా మనుషుల మధ్య తేడాలున్నాయి. కానీ లండన్ వాళ్ల మొత్తం వరసే పైకి జరిగిపోయింది. లండన్‌లో మధ్యస్థంగా ఉన్నవాడు కెన్యాలో అధిక రక్తపోటు కిందికొస్తాడు. లండన్ లోపలే వెతికితే జన్యువులే కనిపిస్తాయి. లండన్ వాళ్లందరినీ పైకి జరిపినదేదో అక్కడ వెతికితే కనిపించదు, ఎందుకంటే అది అందరి మీదా ఉంది.

ఆ పైకి జరిపినవాటిలో ఉప్పు ముందుంది. ఇంటర్‌సాల్ట్ మీద పెద్ద గొడవే జరిగింది. అతి తక్కువ ఉప్పు తినే నాలుగు జనాలను తీసేస్తే మిగతా 48 చోట్ల ఉప్పుకూ బీపీ సగటుకూ సంబంధం పలచబడిందని ఉప్పు కంపెనీలూ, కొందరు శాస్త్రవేత్తలూ వాదించారు. వయసుతో పెరిగే తీరుకూ ఉప్పుకూ ఉన్న సంబంధం మాత్రం వాటిని తీసేసినా నిలిచింది. మరీ తక్కువ ఉప్పు కూడా చేటేనని ఇంకొందరు ఇటీవల అంటున్నారు. ఆ లెక్కల్లో చాలావరకు ఒక్కసారి పట్టిన మూత్రం నుంచి రోజంతటి ఉప్పును అంచనా వేసినవి. ఒకరోజు మొత్తం మూత్రం కొలిచిన అధ్యయనాలు, మనుషులకు ఉప్పు తగ్గించి చూసిన ప్రయోగాలు ఉప్పు తగ్గితే బీపీ తగ్గుతుందనే చెబుతున్నాయి. నేను వాటి వైపే ఉన్నాను. అందరికీ సమానంగా తగ్గదన్నది నిజమే. బీపీ ఉన్నవాళ్లలో సగంమంది, లేనివాళ్లలో పావుమంది ఉప్పుకు బాగా స్పందిస్తారని అంచనా. ఆ స్పందన వెనక మళ్లీ జన్యువులున్నాయి, వయసు ఉంది, మూత్రపిండాల ఆరోగ్యం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 5 గ్రాముల లోపు. ఒకరోజు మూత్రం కొలిచి చేసిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సగటు 9 గ్రాములు దాటింది. ఢిల్లీ, హరియాణాల కంటే ఇది కాస్త ఎక్కువే. పాశ్చాత్య దేశాల్లో ఉప్పు ఎక్కువగా కంపెనీ తిండి ద్వారా ఒంట్లోకి పోతుంది. మన దగ్గర చాలావరకు వంటింట్లో చెయ్యి వేసే ఉప్పే. పప్పులో, పులుసులో, మజ్జిగలో, ఉప్పుచేపలో, పెరుగన్నంలో నంజుకునే ఊరగాయలో అది ఉంది. చిప్స్ పొట్లాల మీద కోపం న్యాయమైనదే అయినా, ఆవకాయ జాడీని వదిలేసి పొట్లాన్ని ఒక్కదాన్నే తిడితే పని జరగదు. ఉప్పు కథలో రెండో సగం పొటాషియం. ఆకుకూరలు, కూరగాయలు, పళ్లు, పప్పుధాన్యాల్లో దొరికే ఈ లవణం సోడియాన్ని బయటికి పంపడానికి మూత్రపిండానికి సాయపడుతుంది. కంచం నిండా తెల్లన్నం, పక్కన కొద్దిగా కూర ఉన్నప్పుడు అది చాలదు.

ఉప్పే సమస్తం కాదనడానికి ఇటలీలోని ఉంబ్రియా సన్యాసినులు సాక్ష్యం. ఏకాంత మఠంలో మౌనంగా, ప్రార్థనతో బతికే 144 మందిని, ఆ ప్రాంతంలోనే సంసారాల్లో ఉన్న 138 మంది స్త్రీలను ఇరవై ఏళ్లకు పైగా కొలిచారు. ఉప్పు రెండు వర్గాలూ ఒకేలా తిన్నాయి. సన్యాసినుల రక్తపోటు వయసుతో దాదాపు పెరగలేదు, బయటి ఆడవాళ్లది పెరిగింది. ఒత్తిడి ప్రభావానికి దీన్ని రుజువుగా చూపుతారు. కాన్పుల తేడా, మఠంలో చేరేవాళ్ల స్వభావం వంటివి ఉన్నాయి కాబట్టి నేను అంత దూరం వెళ్లను. కానీ వయసుతో బీపీ పెరగడం విధి కాదని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

పరిసరం అనేది పుట్టాకే మొదలవుతుందనుకోవడం పొరపాటు. తల్లి కడుపులోనే మూత్రపిండంలోని వడపోత గొట్టాలు తయారవుతాయి. పుట్టాక కొత్తవి రావు. బరువు తక్కువగా పుట్టిన పిల్లలకు అవి తక్కువగా ఉంటాయి. 2003లో జర్మనీలో ప్రమాదాల్లో చనిపోయినవారి మూత్రపిండాలు లెక్కిస్తే, రక్తపోటు ఉన్న పదిమందిలో ఒక్కో మూత్రపిండానికి వడపోత గొట్టాలు సుమారు 7 లక్షలు, లేనివాళ్లలో 14 లక్షలు. బరువు తక్కువ పిల్లలు ఎక్కువగా పుట్టే మన దేశానికి ఇది చిన్న విషయం కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ 1987-90లో గర్భిణులకూ పసిపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చిన ఊళ్లనూ, ఇవ్వని ఊళ్లనూ పోల్చింది. ఆ పిల్లలు టీనేజికి వచ్చాక చూస్తే, ఆహారం అందినవాళ్ల రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. రక్తపోటు అంకెలో మాత్రం ఆ వయసుకు గట్టి తేడా కనబడలేదు. ఆ ఊళ్లలోనే తర్వాత గాలిలోని సూక్ష్మ ధూళిని కొలిచిన పరిశోధన, ధూళి ఎక్కువ ఉన్నచోట ఆడవాళ్లలో రక్తపోటు ఎక్కువ ఉందని చూపింది. వంశం, వంటిల్లు, గాలి అన్నీ ఒకే మనిషి మీద కలిసి పనిచేస్తాయి.

అవి ఎంత పెనవేసుకుపోతాయో మద్యం చెబుతుంది. తూర్పు ఆసియాలో చాలామందికి మద్యాన్ని అరిగించే ఒక ఎంజైము సరిగా పనిచేయదు. తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది, అందుకని తాగరు. ఆ జన్యువున్న మగవాళ్లలో రక్తపోటు తక్కువ. అదే జన్యువున్న ఆడవాళ్లలో ఏ తేడా లేదు, ఎందుకంటే అక్కడి ఆడవాళ్లు ఎలాగూ పెద్దగా తాగరు. ఈ జన్యువు రక్తపోటు జన్యువా, తాగుడు జన్యువా? మద్యం లేని ఊళ్లో అది దేని జన్యువూ కాదు. మద్యం కొద్దిగా తాగితే గుండెకు మేలనే నమ్మకాన్ని ఇలాంటి పరిశోధనలే బాగా దెబ్బతీశాయి.

వంశంలో బీపీ ఉన్నవాళ్లు ఏం చేయాలన్నది ఇక్కడ స్పష్టమవుతుంది. బ్రిటన్‌లో రెండున్నర లక్షలకు పైగా జనం మీద 2018లో వచ్చిన విశ్లేషణలో, ఆరోగ్యకరమైన అలవాట్లున్నవాళ్లకు జన్యు భారం తక్కువున్నా, మధ్యస్థమైనా, ఎక్కువున్నా పై అంకె దాదాపు ఒకే మేరకు, 4-5 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. అంటే వంశం బరువు అలవాట్ల ఫలితాన్ని మింగేయదు. తల్లికో తండ్రికో ఉంటే ఇరవైల్లోనే కొలిపించుకోవాలి. ముప్ఫై దాటకముందే తీవ్రంగా వచ్చినా, మూడు మాత్రలకూ లొంగకపోయినా, రక్తంలో పొటాషియం తక్కువున్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో పక్షవాతంతో పోయినా ఆల్డోస్టిరాన్ పరీక్ష అడగాలి. ఎడ్రినల్ గ్రంథుల్లోని గడ్డల వల్ల వచ్చే బీపీ మనం అనుకునేంత అరుదు కాదు, చాలాసార్లు ఆపరేషన్‌తో నయమవుతుంది, లేదా బాగా తగ్గుతుంది. ఏళ్ల తరబడి పేరు తెలియకుండా మాత్రలు మార్చుకుంటూ తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు.

ఊరు మొత్తం వరసను కిందికి జరపాలంటే మనిషికో సలహా చాలదు. చైనాలో 600 పల్లెల్లో 20,995 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చిన పల్లెల్లో పక్షవాతం 14 శాతం తగ్గింది. ఆ ఏడాదే సిద్దిపేట ప్రాంతంలోని ఏడు గ్రామాల్లో 502 మంది బీపీ రోగులతో చేసిన ప్రయోగం ఫలితాలూ వెలువడ్డాయి. ఎవరికి ఏ ఉప్పు ఇచ్చారో ఇటు రోగులకూ, అటు కొలిచేవాళ్లకూ తెలియదు. మూడు నెలల్లో పొటాషియం కలిపిన ఉప్పు తిన్నవాళ్ల పై అంకె, మామూలు ఉప్పు తిన్నవాళ్ల కంటే 4.6 మిల్లీమీటర్లు ఎక్కువగా తగ్గింది. రుచి బాగాలేదని జనం తిరగబడలేదు. ఉప్పు మన వంటింట్లోనే పడుతోంది కాబట్టి, ఉప్పును మార్చడం మన దగ్గరే ఎక్కువ పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును సిఫారసు చేస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి మూత్రపిండాల జబ్బున్నవాళ్లకు వర్తించవు. పొటాషియం పెరిగితే వాళ్ల గుండెకు ప్రమాదం. పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్లు కూడా డాక్టరును అడగాలి. అయోడిన్ ఉప్పు అందరింటికీ చేరింది ప్రభుత్వం పూనుకోవడం వల్లనే. రేషన్ దుకాణానికి ఈ ఉప్పును చేర్చే ముందు ఆ జాగ్రత్తను పొట్లం మీద పెద్దక్షరాల తెలుగులో రాయించాలి. ధర ఇప్పటికి మామూలు ఉప్పు కంటే చాలా ఎక్కువ. దాన్ని తగ్గించకపోతే ఆ ఉప్పు సూపర్ మార్కెట్లలోనే ఉండిపోతుంది, సిద్దిపేట పల్లెల్లోకి మళ్లీ రాదు.